ముసురులో మగ్గం చప్పుడు

ఆదివారం సాయంత్రం. ఐదు దాటింది. వాన పడుతోంది.

పెద్ద వాన కాదు. ముసురు. వారం దాటినా వదలని ముసురు.

పెడనలో ముసురు పట్టిందంటే మగ్గాలు ఆగిపోతాయి. పడుగు దారాలకి పెట్టిన గంజి ఆరదు. కాళ్లు దించి తొక్కే మగ్గం గుంటల్లో ఊట నీరు చేరుతుంది. నేసేవాళ్లు అరుగుల మీద కూర్చుని మబ్బుల్ని తిట్టుకుంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అనసూయకి తెలిసిన సంగతే ఇది. ఆవేళ మాత్రం కాసేపు మర్చిపోయింది. అంతే... ఆ కాసేపే.

కాలవ వంతెన దిగగానే ఎడంపక్క ఒక పెంకుటిల్లుంది. భానుమతి ఇల్లు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ గట్టు మీద మనిషి కనపడడు. పాలుపోసే అతను కూడా దూరమైనా సరే, రైలు గేటు మీంచి చుట్టూ తిరిగి వస్తాడు.

భానుమతి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. చిన్నప్పుడే ఎడమ కాలు చచ్చుబడింది. అయినా గుంటలో దిగి నేసేది. కుడి కాలితో గట్టిగా తొక్కేది, ఎడమ కాలు ఈడ్చేది. నేస్తూ కూనిరాగం తీసేది.

నిరుడు వానల్లో కాలవ పొంగింది. గుంటలోకి నీళ్లు వచ్చాయి. నీళ్లతోపాటు పామూ వచ్చింది...

తలుపు పగలగొట్టి చూసేసరికి మగ్గం మీదే ఉంది. నేసిన బట్ట మీద తల వాల్చి, నిద్రపోతున్నట్టు.

కొడుకు సూరత్ నుంచి వచ్చాడు. జరిపించాల్సినవి జరిపించాడు. తాళం వేసి వెళ్లిపోయాడు. పడుగు మాత్రం మగ్గం మీదే ఉండిపోయింది. సగం నేసింది, సగం నెయ్యనిది.

నేతవాళ్ల ఇళ్లల్లో ఒక పట్టింపుంది. మగ్గం మీద పడుగుండగా మనిషి పోతే, ఆ ఇంటివాళ్లో ఇరుగుపొరుగువాళ్లో కూర్చుని మిగిలింది నెయ్యాలి. బట్ట కోసి దింపాలి. అలా దింపకపోతే... ఎవరు మొదలెట్టారో వాళ్లే వచ్చి నేసుకుంటారంటారు.

భానుమతి గుంటలో కాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. నూలిచ్చిన షావుకారు కూడా "నాకొద్దు బాబూ ఆ పడుగు" అని చేతులు దులుపుకున్నాడు.

అప్పటినుంచే ఆ ఇంటికి చెడ్డపేరు.

అనసూయకి ఒక్కతే కూతురు. జ్యోతిర్మయి. ఆరో తరగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మామూలు బడి. శని, ఆదివారాలు మధ్యాహ్నం బందరులో సంగీతం బడి. ఏసుపాదం ఆటోలో వెళ్తుంది, అదే ఆటోలో వస్తుంది. ఇంటిల్లిపాదిలో ఎవరికీ పాట రాదు. తండ్రి భావనారాయణ అద్దకం షెడ్డులో కలంకారీ అచ్చులు కొడతాడు. అనసూయ ఒకప్పుడు నేసేది. జ్యోతి పుట్టాక నడుం నొప్పి పట్టుకుని మానేసింది. ఇప్పుడు అత్తగారు ప్రేమమ్మతో కలిసి ఇంట్లో నూలు కండెలు చుడుతుంది.

సంగీతం మాస్టారు జనార్దనరావు గారిదో పద్ధతి. మామూలు రోజుల్లో పిల్లలు బడి నుంచి వచ్చాక సాధన చేసి, ఆ ఆడియో ఫోనులో పంపాలి. ప్రేమమ్మ సీరియళ్ల మోతలో శ్రుతి నిలవదని, జ్యోతి పాత ఫోను పట్టుకుని "నాంచారమ్మత్త వాళ్లింట్లో పాడుకుని వస్తా" అని వెళ్లేది. నాంచారమ్మది ఎదురిల్లే. అనసూయ ఎన్నడూ వెళ్లి చూడలేదు. ఎదురింటికి వెళ్లిన పిల్లని ఎవరు చూస్తారు?

ఆ ఆదివారం సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు.

"నమస్కారమమ్మా, జనార్దనరావుని. పిల్ల అరగంట కిందటే ఆటో ఎక్కేసింది, కంగారు పడకండి. మంచి మాట చెబుదామనే చేశాను."

"చెప్పండి మాస్టారూ."

"రెండు నెలల కిందట మీ అమ్మాయికి లయంటే ఏమిటో తెలీదు. ఎక్కడ అందుకుంటుందో, ఎక్కడ వదిలేస్తుందో దేవుడికెరుక. ఇప్పుడు బండరాయిలా నిలబడుతోంది. ఇంట్లో తాళం ఎవరు వేస్తున్నారమ్మా?"

"మా ఇంట్లోనా... వాళ్ల నాన్నకి పాట వినపడితే నిద్రొస్తుందండీ."

ఆయన నవ్వారు. "మరి ఆడియోలో మగ్గం మోగుతోందే? పిల్ల పాటకి సరిగ్గా దెబ్బ పడుతోంది. వార్షికోత్సవానికి ఆ నేసే మనిషిని కూడా తీసుకురండి. మృదంగం వాడితో పనుండదు."

అనసూయ కూడా నవ్వింది. "మా వీధి నిండా మగ్గాలేనండీ. ఆ మోత మా చెవులకి ఆనదు."

"ఒక్క సంగతమ్మా..." ఆయన గొంతు తగ్గింది. "పాడేటప్పుడు కాళ్లు కదుపుతోంది. మఠం వేసుకుని కూర్చోబెట్టినా ఆగవు. కుడి కాలు తొక్కుతుంది. ఎడమ కాలు... ఈడుస్తుంది. ఎందుకే అంటే తనకి తెలీదంటుంది. ఓసారి డాక్టరుకి చూపించండి."

ఫోన్ పెట్టేశాక ఆయన మొన్నటి ఆడియో పంపారు.

అనసూయ అరుగు మీద కూర్చుని పెట్టింది. జ్యోతి గొంతు. జంటస్వరాలు. సస... రిరి... గగ... మమ...

గొంతు వెనకాల మగ్గం.

టక్... ధబ్. టక్... స్‌స్‌స్... ధబ్.

పక్కన రాట్నం తిప్పుతున్న ప్రేమమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అదెవరి మగ్గమే?"

"నాంచారమ్మ వదినదే అత్తయ్యా. అక్కడేగా పాడుకుంటుంది."

"కాదు." ప్రేమమ్మ ఫోనుకి చెవి ఆనించింది. "ఎవరి మగ్గం దెబ్బ వాళ్లదే అమ్మాయ్. ఈ కాలు ఈడ్చే దెబ్బ... ఇరవై ఏళ్లు విన్నాను నేను."

అనసూయ ఆడియో ఆపింది.

"ఎప్పటిదిది?"

"మొన్నటిది."

"మొన్న... ఈ ముసుర్లో..." ప్రేమమ్మ గొంతు గుసగుస అయిపోయింది. "పెడనలో ఎవరి గుంటలో కాలు పెట్టే వీలుందే?"

అప్పుడు గుర్తొచ్చింది అనసూయకి.

వీధి వంక చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా... ఒక్క మగ్గం మోగడం లేదు. చూరు నీళ్ల చప్పుడొక్కటే.

ఎదురింటికి పరిగెత్తింది. నాంచారమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"వదినా, మా జ్యోతి రోజూ మీ ఇంటికొచ్చి పాడుకుంటోందా?"

"మా ఇంటికా! మీ పిల్ల మా గడప తొక్కి రెండు నెలలు దాటింది. మా గుంటలో ఇప్పుడు కప్పలు తప్ప పాడేవాళ్లెవరూ లేరు వదినా." నవ్వబోయి అనసూయ మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది?"

అనసూయ అప్పటికే వీధిలో ఉంది.

వీధి చివర టీ బంకు దగ్గర ఏసుపాదం ఆటో ఆగి ఉంది. వెనక సీటు ఖాళీ. ఏసుపాదం, భావనారాయణ పరదా కింద నిలబడి టీ తాగుతున్నారు.

"జ్యోతేదీ?"

"ఇంటికి రాలేదా?" అన్నాడు భావనారాయణ.

ఏసుపాదం గ్లాసు కింద పెట్టాడు. "వంతెన దగ్గర దిగిందక్కా. శని, ఆదివారాలు అక్కడేగా దిగేది. అత్త ఎదురు చూస్తూ ఉంటుంది, ఆలస్యమైతే ఊరుకోదు అంటుంది. మీరే దిగమన్నారనుకున్నా..."

"ఏ అత్త?"

ఏసుపాదం వంతెన వైపు చూశాడు. చెప్పక్కర్లేదు.

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అనసూయ కాలవ గట్టు మీదికి పరిగెత్తింది. వెనకాల భావనారాయణ. గట్టు బురద. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. ఎక్కడో చూడలేదు. వాన మబ్బుకి పొద్దు ముందే పోయింది. కరెంటు లేదు. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది.

వంతెన దాటగానే వినపడింది.

టక్... ధబ్. టక్... స్‌స్‌స్... ధబ్.

ఆ దెబ్బ మీద... సన్నగా, స్పష్టంగా, జ్యోతి గొంతు.

ముందు తలుపుకి తాళం వేసినట్టే ఉంది. తుప్పు పట్టి. పక్కగా వెళ్తే పెరటి గోడ కూలి ఉంది. గోడ ఇటుకల మీద చిన్న చెప్పుల జత. పక్కనే పాటల సంచి, వాన పడకుండా చూరు కింద.

జాగ్రత్త గల పిల్ల.

లోపలికి వెళ్లి భావనారాయణ ఫోను లైటు వేశాడు.

జ్యోతి మగ్గం పీట మీద కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా కాళ్లు గుంటలో ఉన్నాయి. గుంట నిండా నల్లటి నీళ్లు. నీళ్లల్లో ఆ కాళ్లు ఆడుతున్నాయి... కుడి కాలు తొక్కుతోంది, ఎడమ కాలు ఈడుస్తోంది. చేతుల్లో పేక దారం చుట్టిన నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఏనాడూ నాడె పట్టని పిల్ల.

"జ్యోతీ!"

పాట ఆగలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ గుసగుసగా అంది—

"లాగకు నాన్నా... ఆగితే కరుస్తుంది."

భావనారాయణ లైటు కిందికి దించాడు. మగ్గం రాట పక్కన నీళ్ల మీద సన్నటి గీత. గీతకి ముందు... చిన్న తల. నీళ్ల మీద తల పెట్టి, కదలకుండా వింటోంది.

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తొక్కుతుంటే దగ్గరికి రాదు," అంది జ్యోతి. "అత్త ఆవేళ కాలు నొప్పని ఆగిందట. అప్పుడే కరిచిందట."

"ఎన్నాళ్ల నుంచి కూర్చుంటున్నావే ఇక్కడ?" అని అడిగింది అనసూయ.

"మొదట అత్తే నేసేది... నేను పాడేదాన్ని. తర్వాత తన కాలు లేవడం లేదంది." గగ... మమ... "నీ కాళ్లు ఇమ్మంది. ఊరికే కాదట. తాళం నేర్పుతానంది." పప... దద... "ఈ పడుగు అయ్యేదాకానే."

అనసూయ పడుగు వంక చూసింది. సగం మిగిలి ఉండాల్సింది. దాదాపు అయిపోయింది. ఇంకో మూరెడు... అంతే. నేసిన బట్ట దోనె కర్ర మీద చుట్టలుగా ఉంది. నీరు తగలని బట్టలా పొడిగా ఉంది.

జ్యోతి పెదాలు నీలంగా ఉన్నాయి. పిక్కలు వణుకుతున్నాయి. ఎడమ కాలు ఒక్కోసారి లేవడం లేదు. లేవనప్పుడల్లా నీళ్ల మీద ఆ గీత... కాస్త దగ్గరికొస్తోంది.

మూరెడు నేసేంత ఓపిక పిల్లలో లేదు.

అనసూయ గుంట అంచున కూర్చుంది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు భావనారాయణ గుసగుసగా.

ఆమె మగ్గం అవతల, చీకటి వైపు చూసి మాట్లాడింది. ఎదురింటావిడతో మాట్లాడినట్టే.

"భానుమతి వదినా... పసిపిల్ల. దాని కాళ్లొద్దు. మిగిలింది నేను నేస్తాను. కావాలంటే నావి తీసుకో."

మగ్గం దెబ్బ తప్పలేదు. కానీ... వాన చప్పుడు కాసేపు వినపడలేదు.

అనసూయ కాళ్లు నీళ్లలోకి దించింది. మంచులా ఉన్నాయి. జ్యోతి పక్కన పీట మీద ఒరిగి, ముందు కుడి కాలు పెట్టింది, పిల్ల కాలి మీద. దెబ్బ పడుతుండగా పిల్ల కాలు పక్కకి జారింది. తల్లి కాలు తొక్కింది. తర్వాత ఎడమ కాలు. పిల్ల చేతిలోంచి నాడె తల్లి చేతిలోకి వచ్చింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"ఇప్పుడు లాగండి."

భావనారాయణ పిల్లని చంకల కింద పట్టి పైకి లాగాడు. నీళ్ల మీద గీత గిర్రున తిరిగింది.

"పాడు జ్యోతీ," అంది అనసూయ. "ఆపకు. నాకు దెబ్బ తప్పుతుంది."

తండ్రి భుజం మీద తల పెట్టుకుని జ్యోతి పాడింది. వణుకుతున్న గొంతు. కానీ లయ... బండరాయి. మాస్టారు అబద్ధం చెప్పలేదు. పదకొండేళ్ల కిందట వదిలేసిన పని అనసూయ చేతుల్లోకి మళ్లీ వచ్చింది. నాడె పోతోంది. దెబ్బ పడుతోంది. పిల్ల స్వరం ఎక్కడ పడితే అక్కడే కాలు పడుతోంది.

నీళ్లలో మెత్తటిదేదో పిక్కకి రాసుకుంది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

ఆమె తొక్కుతూనే ఉంది.

జానెడు మిగిలింది... బెత్తెడు... రెండు వేళ్లు.

మగ్గానికి కట్టిన దారానికి కత్తెర వేలాడుతోంది. భానుమతిదే. అనసూయ ఒక చేత్తో అందుకుంది. పడుగు పోగులు కోసింది. బట్ట వదులైంది.

ఆమె కాళ్లు ఆగాయి.

మగ్గం మాత్రం మరో రెండు దెబ్బలు వేసి... అప్పుడు ఆగింది.

నీళ్ల మీద గీత లేదు.

భావనారాయణ చెయ్యి అందించాడు. ఎలా పైకొచ్చిందో ఆమెకి గుర్తులేదు. బట్ట చుట్ట మగ్గం మీదే వదిలేశారు. వంతెన దాటాక జ్యోతి ఒక్కసారి వెనక్కి తిరిగి, "అత్త వెళ్లిపోయింది," అంది. ఎటు వెళ్లిందో చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

ఇంటికి చేరేసరికి కరెంటు వచ్చింది. ప్రేమమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లని లాక్కుని పొడిబట్టతో తుడిచింది. వేడి పాలు తాగించింది. కాళ్లకి కొబ్బరినూనె రాసింది, వేలు వేలునా చూస్తూ. గాటు లేదు. గీత లేదు.

"ఏదీ, ఓసారి పాడవే," అంది అనసూయ.

జ్యోతి మంచం మీద పడుకుని పాడింది. సస... రిరి... దుప్పటి కింద కాళ్లు కదల్లేదు. వేగం పెంచి రెండో కాలం అందుకోబోయి తప్పింది. మళ్లీ అందుకుంది. మళ్లీ తప్పింది.

అనసూయకి ఏడుపొచ్చింది. అంత చక్కగా ఆ పిల్ల ఎప్పుడూ తప్పలేదు.

"ఇక ఆ సంగీతం వద్దు, ఏమీ వద్దు," అన్నాడు భావనారాయణ.

"వెళ్తుంది," అంది అనసూయ. "ఇంట్లోనే పాడుకుంటుంది. టీవీ కట్టేయండి."

ప్రేమమ్మ మారు మాట్లాడకుండా టీవీ తీగ పీకేసింది. ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ జరగని పని అది.

జ్యోతి నిద్రపోయింది. భావనారాయణ గోడకి ఆనుకుని, రంగు అంటిన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అనసూయ వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

ప్రేమమ్మ ఆమెనే చూస్తోంది.

"ఏంటత్తయ్యా?"

ముసలావిడ నేల చూపించింది.

వంటింటి గుమ్మం నుంచి మంచం దాకా సిమెంటు గచ్చు మీద తడి అడుగులు. కుడి అడుగు... ఐదు వేళ్లూ స్పష్టంగా. ఎడమ అడుగు లేదు. దాని బదులు ఒక చార. పొడుగాటి తడి చార. మళ్లీ కుడి అడుగు. మళ్లీ చార.

ప్రేమమ్మ కిందికి వంగి అనసూయ ఎడమ కాలు దీపం వెలుగులోకి తీసుకుంది. అంతా చూసింది. గాటు లేదు. వాపు లేదు.

"నొప్పా?"

"లేదు."

"మరెందుకే ఈడుస్తున్నావు?"

అనసూయ ఇంటికి క్షేమంగా చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

"జ్యోతి వచ్చింది." ఒక వేలు మడిచింది.

"ఆయన వచ్చారు." ఇంకో వేలు.

"మరి నువ్వు?" అంది ప్రేమమ్మ.

మూడో వేలు అలాగే నిలబడి ఉంది. అనసూయ దాన్ని చూస్తూ ఉంది... చాలాసేపు. బయట ముసురు. చీర కుచ్చిళ్ల కింద ఆమె కుడి కాలు మెల్లగా తొక్కడం మొదలుపెట్టింది.

"ఇద్దరు," అంది అనసూయ. "ఇద్దరు వచ్చారు."